పెద్దావిడ సవరణ

హారిక మాటలు పోయిన రోజు ఇంట్లో అందరూ దోసెలు తింటున్నారు.

అది 2078. విశాఖలో చాలా ఇళ్ళకు వంటగది అంటే గోడలో ఒక అర మాత్రమే. ఆ అరలో ఉండే ఫుడ్ ప్రింటర్ కోరిన వంటను పొరలు పొరలుగా పేర్చి, వేడిచేసి, బయటికి నెడుతుంది. ఋషికొండ మీద ఎత్తైన అపార్ట్‌మెంట్‌లో ఉండే ఈ కుటుంబానికీ ప్రింటర్ ఉంది. అయినా ఆదివారం దోసె మాత్రం హారిక ఇనప పెనం మీదే పోసేది. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనానికి రాసేది. ఆ వాసనకు కింది అంతస్తులో ఉండే కొడుకు ఋత్విక్ పిలవకుండానే పైకి వచ్చేసేవాడు.

ఆ రోజూ వచ్చాడు. హారిక భర్త ప్రణీత్, కూతురు ద్యుతి, ఋత్విక్ బల్ల దగ్గర కూర్చున్నారు.

"హారికా, చట్నీ ఇంకొంచెం" అన్నాడు ప్రణీత్.

హారిక గిన్నె అందుకోబోయి ఆగింది. ఏదో అనబోయి, "చాలు" అంది.

"ఏం చాలు? ఇప్పుడేగా కూర్చున్నాను."

"నీ పొట్ట చూసి అంటోంది నాన్నా. ఇంకో దోసె తింటే ఆ కుర్చీలోంచి నిన్ను మేమే లాగాలి" అన్నాడు ఋత్విక్.

అందరూ నవ్వారు. హారిక మళ్ళీ పెనం వైపు తిరిగింది. ఋత్విక్ ఇంకో దోసె వేయించుకున్నాడు. అది చిరిగి వచ్చినా తినేశాడు. ద్యుతి ప్రయోగశాల నుంచి వచ్చిన సందేశాలు చదువుకుంటోంది. మాడు వాసన ముక్కుకు తగిలాకే ముగ్గురూ తలెత్తారు. పెనం మీద దోసె నల్లగా బొగ్గయిపోతోంది. హారిక ఎడమచేత్తో గరిటె పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. కుడిచెయ్యి వేలాడిపోయి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "ఎప్పుడు మొదలైంది?" అని. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అమ్మ ఎదురుగా నిలబడి వడ్డిస్తుండగానే జరిగిన విషయం అది. ఎవరూ చెప్పలేకపోయారు.

రక్తంలోకి పంపిన సూక్ష్మ యంత్రాలు మెదడులోని గడ్డను కరిగించాయి. చెయ్యీ కాలూ నెమ్మదిగా స్వాధీనంలోకి వచ్చాయి. మాటలు మాత్రం రాలేదు. ఒకే ఒక్క మాట మిగిలింది. ఆకలేస్తోందా అని అడిగినా, నిద్రొస్తోందా అని అడిగినా, ఎవరైనా నమస్కారం పెట్టినా, హారిక "చాలు" అనే అనేది. తల ఊపడం కూడా నమ్మదగ్గది కాదని డాక్టరు చెప్పాడు. ఆమె అవును అనుకుంటూ కాదన్నట్టు ఊపవచ్చు, కాదనుకుంటూ అవునన్నట్టు ఊపవచ్చు. లోపల తెలివి చెక్కుచెదరలేదు. బయటికి వచ్చే దారే మూసుకుపోయింది.

ఇందులో ద్యుతికి మరీ కష్టంగా తోచిన సంగతి ఒకటుంది. మనుషుల ఇష్టాలు తెలుసుకోవడమే ఆమె ఉద్యోగం, సొంత అమ్మకు ఏం కావాలో మాత్రం తెలియడం లేదు.

'వడ్డన' అనే యంత్రాన్ని తయారుచేసిన బృందానికి ద్యుతి పెద్ద. వడ్డన వచ్చాక నగరంలోని హోటళ్ళలో మెనూ కార్డులు కనబడటం మానేశాయి. వెళ్ళి కూర్చుంటే బల్ల మీద పలచటి నుదుటి పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని కాసేపు తలకు పెట్టుకోవాలి. మనిషి తిన్న వంటల జ్ఞాపకాలు మెదడులో ఒక్కచోట ఉండవు. రుచి ఒకచోట, వాసన ఒకచోట, పంటికింద చప్పుడు ఇంకోచోట దాగి ఉంటాయి. పట్టీ అడిగే చిన్న చిన్న ప్రశ్నలకు మెదడు లోలోపల బదులిస్తుంటే, యంత్రం ఆ ముక్కలన్నీ ఏరి ఒక చోటికి చేరుస్తుంది. అలా చేర్చినదానికి ద్యుతి 'రుచి అచ్చు' అని పేరు పెట్టింది. ఆ అచ్చును బట్టి హోటల్ వంటగదిలోని ప్రింటర్ వంట చేస్తుంది. ఎప్పుడో చిన్నప్పుడు మేనత్త ఇంట్లో తిన్న పులిహోర, అదే పులుపుతో, అదే వేరుశనగ గింజ కరకరతో, మళ్ళీ పళ్ళెంలోకి వస్తుంది.

పట్టీ ప్రశ్నకు బదులివ్వలేనివాళ్ళు ఉంటారు. మతిమరుపు వచ్చినవాళ్ళు, పసిపిల్లలు, మాట పోయినవాళ్ళు. మెదడు ఇచ్చే బదులు కూడా మాటల దారినే రావాలి కాబట్టి, తెలివి ఉన్నా మాట పోయినవాళ్ళ దగ్గర అది అందదు. వాళ్ళ కోసం ద్యుతి 'సాక్షి స్మృతి' అనే పద్ధతి కనిపెట్టింది. ఆ మనిషితో ఏళ్ళ తరబడి కలిసి తిన్నవాళ్ళు పట్టీ పెట్టుకుంటారు. వాళ్ళ జ్ఞాపకాల్లో ఆ మనిషి ఎలా తిన్నాడో యంత్రం చూస్తుంది. దానికి సూత్రం ఒక్కటే. ఎదుట నాలుగు రకాలు ఉన్నప్పుడు, ఎవరూ బలవంతం చెయ్యనప్పుడు, ఆ మనిషి చెయ్యి మళ్ళీ మళ్ళీ దేనివైపు వెళ్తుందో అదే ఆ మనిషికి ఇష్టం.

"నోరు మొహమాటపడుతుంది. చెయ్యి పడదు" అని ద్యుతి సభల్లో చెప్పేది. ఆ మాటకు చప్పట్లు కొట్టేవారు.

పరీక్షలు మొదలుపెట్టిన కొత్తలో మాత్రం కొన్ని పళ్ళేలు వింతగా వచ్చాయి. ఒక ఇంటి పెద్దావిడకు ఒట్టి చేప తోక వచ్చింది. ఇంకొకావిడకు పులిసిన పెరుగూ, నిన్నటి అన్నమూ వచ్చాయి. యంత్రం చెడిందేమోనని ద్యుతి బృందంలోని నసీమా తన తల్లి కోసం తనే పట్టీ పెట్టుకుని చూసింది. బిర్యానీ వచ్చింది. అందులో ముక్క లేదు. కోడి మెడ, రెక్క చివరలు, దాల్చినచెక్క ఉన్నాయి.

"మా అమ్మ దాల్చినచెక్క తినేదని నాకే తెలీదు" అని నవ్వింది నసీమా.

కాసేపటికి నవ్వు ఆపింది. "తినేది కాదులే. మా పళ్ళేల్లోంచి ఏరి తన పళ్ళెంలో వేసుకునేది, మాకు పంటికింద పడకుండా."

యంత్రం చెడలేదు. సూత్రం ప్రకారం అది చూసిందే వండింది. కానీ పుట్టినరోజు నాడు తల్లికి చేప తోక వడ్డించే హోటల్‌కి మళ్ళీ ఎవరొస్తారు? అందుకని ఒక సవరణ చేర్చారు. సాక్షుల జ్ఞాపకాల్లోంచి మిగిలినవీ, మాడినవీ, విరిగినవీ వస్తే యంత్రం వాటిని పక్కన పెడుతుంది. అదే ప్రాంతంలో, అదే వయసులో ఉండి, తమ పట్టీ తామే పెట్టుకున్న ఆడవాళ్ళు కోరుకున్న వంటల్లోంచి మంచివి ఎంచి ఆ పళ్ళెంలో పెడుతుంది. బృందంలో అందరూ దాన్ని పెద్దావిడ సవరణ అనేవారు. బయటివాళ్ళకు దాని సంగతి తెలియదు. అది పెట్టాక ఫిర్యాదు అన్నదే రాలేదు.

ఆ ఇళ్ళ గురించి ద్యుతి అప్పుడు జాలిపడింది. కొన్ని ఇళ్ళు అంతే, ఏం చేస్తాం అనుకుంది. తమ ఇల్లు అలాంటిది కాదు. నాన్న వారంలో రెండు పూటలు వంట చేస్తాడు. అమ్మ అందరూ తిన్నాక తినే మనిషి కాదు, బల్ల దగ్గర అందరితోనే కూర్చుంటుంది. ఎవరి పుట్టినరోజు వచ్చినా నలుగురూ బయటికి వెళ్ళి తింటారు. అమ్మ పుట్టినరోజు కూడా ఎప్పుడూ తప్పలేదు.

హారికకు డెబ్భై నిండే రోజు వచ్చింది. సముద్రం ముందుకు రాకుండా కట్టిన గోడను ఆనుకుని ఉన్న 'పంక్తి' హోటల్లో ద్యుతి బల్ల ఒకటి ముందే మాట్లాడి పెట్టింది. వడ్డన యంత్రాన్ని మొదట నిలబెట్టిన హోటల్ అదే. ఆ రోజు మధ్యాహ్నం ప్రయోగశాలలో కూర్చుని ఆ ఒక్క బల్లకు సవరణ తీసేస్తుంటే నసీమా చూసింది.

"ఉంచరాదూ? ఉంటే పోయేదేముంది?"

"మా అమ్మకి ఎవరో అమ్మల ఇష్టాలు వడ్డించమంటావా?"

"అలా అనటంలేదు ద్యుతీ. నేను మా అమ్మ పళ్ళెం చూశాను కదా. అందుకని అంటున్నాను."

"మా ఇంట్లో అలా ఉండదు నసీమా."

మాట అన్నాక అది ఎలా వినబడి ఉంటుందో ద్యుతికి తట్టింది. అప్పటికే నసీమా తన గదికి వెళ్ళిపోయింది.

సాయంత్రం పంక్తి నిండుగా ఉంది. పక్క బల్ల మీద ఎవరిదో పెళ్ళిరోజు. గోడకు అవతల ఓడల దీపాలు వరసగా వెలుగుతున్నాయి. హారిక నీలం రంగు చీర కట్టుకుంది. కుచ్చిళ్ళు ఋత్విక్ పెట్టాడు. అవి ఒకటి పొడుగూ ఒకటి పొట్టీగా ఉన్నాయి.

"ఏం కుచ్చిళ్ళురా ఇవి, గాలికి కదిలిన కర్టెన్‌లాగా" అన్నాడు ప్రణీత్.

"నువ్వు పెట్టాల్సింది నాన్నా. యాభై ఏళ్ళుగా చూస్తున్నావు కదా."

"చూడటం వేరు, పెట్టటం వేరు."

హారిక నవ్వింది. నవ్వు పోలేదు ఆమెకు. ప్రణీత్, ఋత్విక్, ద్యుతి నుదుటి పట్టీలు పెట్టుకున్నారు. ముందు ఎవరి అచ్చు వాళ్ళు ఇచ్చారు. తరవాత ముగ్గురూ హారిక కోసం సాక్షులయ్యారు. పట్టీ లోపల ఏ జ్ఞాపకం కదులుతోందో పెట్టుకున్నవాళ్ళకు తెలియదు. చిన్న వెచ్చదనం మాత్రం ఉంటుంది. ఆ వెచ్చదనంలో ద్యుతి అమ్మ మొహమే చూస్తూ కూర్చుంది. ఇంతకాలానికి తన చదువు ఇంట్లో మనిషికి పనికొస్తోంది. మాట పోయిన అమ్మ మనసులో ఉన్నది ఇప్పుడు పళ్ళెంలోకి వస్తుంది. ఆ సంగతి అమ్మకు అర్థమవుతుంది. వీళ్ళకు నేను తెలుసు అనుకుంటుంది. ద్యుతికి ఆ రోజు కావలసింది అదొక్కటే.

పళ్ళేలు వచ్చాయి. ప్రణీత్‌కి వాళ్ళమ్మ చేసే గుత్తి వంకాయ వచ్చింది, కొంచెం ఉప్పు ఎక్కువతో సహా. ఒక్క ముద్ద తిని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఋత్విక్‌కి రొయ్యల వేపుడు. ద్యుతికి అల్లం ఎక్కువ వేసిన పెసరట్టు.

హారిక పళ్ళెం చివరన వచ్చింది. మూత ఉంది. మూత తీయగానే యంత్రం తన మెత్తటి గొంతుతో చెప్పింది. "హారిక గారి ఇష్టాలు. సాక్షులు ముగ్గురు. ముగ్గురి జ్ఞాపకాలూ ఒకదానితో ఒకటి సరిపోయాయి."

పళ్ళెంలో ఒక చిరిగిన దోసె ఉంది. వాయిలో మొదట పోసింది, పెనానికి అంటుకుని ముక్కలుగా ఊడి వచ్చింది. దాని పక్కన గిన్నె అడుగు నుంచి గీకిన మాడుచెక్క. వంకాయ కూరలో వంకాయ లేదు, తొడిమ ఉంది, చుట్టూ కాస్త ముద్ద ఉంది. పుట్టినరోజు కేకులో ఓ అంచు, అట్టముక్కకు అంటుకున్నది. ఒక సగం ఇడ్లీ. దాని మీద పంటి గుర్తు ఉంది.

పొరలు పొరలుగా కట్టే యంత్రం అది. చూసిన ఏ చిన్న వివరాన్నీ వదలదు. ఋత్విక్‌కి చిన్నప్పుడు ముందుపన్ను ఒకటి సగం విరిగి ఉండేది. ఇడ్లీ మీద ఆ సగం పన్ను అచ్చు అలాగే పడి ఉంది. అతను దాన్ని చూసి నాలుకతో తన పన్ను తడుముకున్నాడు. ఎప్పుడో కట్టించుకున్న పన్ను అది.

ముందుగా ప్రణీత్ తేరుకున్నాడు. "ఇదేదో పొరపాటు వచ్చింది. ఎవరో తినేసిన పళ్ళెం తెచ్చారు. మార్చమని చెప్పమ్మా."

"పొరపాటు కాదు నాన్నా."

"కాకపోవడమేంటి? పుట్టినరోజు నాడు ఎవరైనా..."

"మన ముగ్గురి దగ్గర్నుంచే తీసుకుంది."

ప్రణీత్ పళ్ళెంవంక మళ్ళీ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆవిడే అనేది కదా. నాకు మాడిందే ఇష్టం, కరకరలాడుతుంది అనేది. నేను అనమన్నానా?"

"నాతోనూ అనేది. తొడిమలోనే రుచంతా ఉంటుందని" అన్నాడు ఋత్విక్.

"మరి. అన్నమాట నమ్మడం తప్పా?"

పెళ్ళిరోజు బల్ల దగ్గర ఒకామె ఇటు చూసి, పళ్ళెం చూసి, మర్యాదగా తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం ద్యుతికి చెంపమీద తగిలినట్టయింది. లేచి పళ్ళెం మీద మూత పెట్టేయాలనిపించింది. కానీ అది అమ్మ ఎదుట చేసే పని కాదు. పరాయివాళ్ళు చూస్తారని మూత పెట్టాలనిపించిందని గుర్తించి ఇంకా సిగ్గుపడింది.

హారిక మాత్రం పళ్ళెంలోకి నెమ్మదిగా, శ్రద్ధగా చూసింది. తెలిసిన వీధిలోకి చాలాకాలం తరవాత వచ్చినవాళ్ళు చూసినట్టు చూసింది. ఇడ్లీ ముక్క చేత్తో తీసుకుంది. పంటి గుర్తు మీద బొటనవేలు ఆనించి ఋత్విక్ వంక చూసింది. తరవాత దాన్ని తినేసింది. చిరిగిన దోసె ముక్కల్ని దగ్గరకు చేర్చుకుంది.

"అమ్మా, అది వదిలెయ్యి" అంటూ ద్యుతి తన పెసరట్టు సగం తుంచి ఆమె పళ్ళెంలో పెట్టింది. ప్రణీత్ వంకాయ ఒకటి పెట్టాడు, అన్నిట్లోకీ పెద్దది చూసి. ఋత్విక్ రొయ్యలన్నీ వేసేశాడు.

హారిక "చాలు, చాలు" అంది. వంకాయ తీసి భర్త పళ్ళెంలో పెట్టింది. రొయ్యల్ని ఒక్కొక్కటిగా కొడుకు పళ్ళెంలోకి మార్చింది. పెసరట్టు ముక్కను తుంచి, చిన్నది తను ఉంచుకుని, పెద్దది కూతురికి ఇచ్చింది. మాట పోయినా ఆ చేతికి ఏమీ మరపు రాలేదు. వాళ్ళు మళ్ళీ పెట్టారు. ఆమె మళ్ళీ తీసింది. పక్క బల్లవాళ్ళకు అదంతా ఒక ముచ్చటలాగా కనబడి ఉంటుంది.

ద్యుతి లేచి వంటగది పక్కనున్న చిన్న గదిలోకి వెళ్ళింది. యంత్రంతో నేరుగా మాట్లాడే చోటు అది.

"హారిక గారి అచ్చు మళ్ళీ వెతుకు. మిగిలినవి కాదు. తన కోసం తను కోరుకున్నది ఏదైనా ఉంటే చెప్పు."

"వెతికాను. మీ ముగ్గురి జ్ఞాపకాల్లో ఆమె వడ్డించిన సందర్భాలు లెక్కకు మించి ఉన్నాయి. ఆమె తిన్న సందర్భాలు చాలా తక్కువ."

"మాతోనే కూర్చుని తినేది."

"కూర్చునేది. ఆ సమయంలో మీరు ఆమె పళ్ళెం వైపు చూసినవి తక్కువ. చూసినప్పుడు అందులో ఉన్నవే వండాను."

సూత్రం తనదే. నోరు మొహమాటపడుతుంది, చెయ్యి పడదు. ఒక చెయ్యి బతుకంతా మొహమాటపడుతూనే ఉండవచ్చన్నది అంత చదివిన తనకు తట్టలేదు.

"కోరుకున్నది ఒక్కటి కూడా లేదా?"

"ఒకటి ఉండవచ్చు. పూర్తిగా లేదు."

"చెప్పు."

"బీచ్ రోడ్డులో ఒక హోటల్. మీ పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు. వడ్డించే మనిషి ఒక్కొక్కరినీ ఏం కావాలని అడుగుతున్నాడు. మీ నాన్నగారు చెప్పారు. మీరు చెప్పారు. తరవాత అతను హారిక గారి వైపు వంగి, 'ఏంటమ్మా, మళ్ళీ చెప్పండి' అన్నాడు. అంటే ఆమె అంతకుముందే ఏదో అడిగింది."

"ఏం అడిగింది?"

"ముగ్గురి జ్ఞాపకాల్లోనూ ఆ మాట లేదు. మీ నాన్నగారు మెనూ కార్డు చూస్తున్నారు. మీ తమ్ముడు గాజుతొట్టిలో చేపల్ని చూస్తున్నాడు."

"నేను?"

"మీరు మాట్లాడుతున్నారు."

ద్యుతి అడగకుండా ఉండవలసింది. అడిగింది. "ఏమని?"

"'అమ్మకి వేరే ఏం వద్దండీ, నాది సగం పెడతాను' అన్నారు. అతను సరేనని నిటారుగా నిలబడి వెళ్ళిపోయాడు. హారిక గారు మళ్ళీ చెప్పలేదు."

ఆ రోజు ద్యుతికి బాగా గుర్తుంది. అందరూ తనను పొగడటం గుర్తుంది. అమ్మ నవ్వడం గుర్తుంది. తను తిన్న ఐస్‌క్రీమ్ మీద చెర్రీ రంగుతో సహా గుర్తుంది. అమ్మకు సగం పెడతానన్నది గుర్తులేదు. పెట్టిందో లేదో యంత్రాన్ని అడగడానికి ధైర్యం చాలలేదు.

ఆ హోటల్ ఇప్పుడు లేదు. ముందుకు జరిగిన సముద్రంలో ఆ వరసంతా పోయింది. ఆ వడ్డించే మనిషి ఎవరో, ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలిసే దారి లేదు.

బయటికి వచ్చేసరికి హారిక పళ్ళెం ఖాళీ అయింది. ఇంటికి వెళ్తుండగా దారిలో ప్రణీత్ అడిగాడు.

"నిజం చెప్పు. యంత్రంలో ఏదో లోపం ఉంది కదూ?"

ఆయన గొంతులో ప్రశ్న కంటే ప్రార్థన ఎక్కువ ఉంది. ద్యుతి కిటికీలోంచి చూస్తూ, "చిన్న లోపం నాన్నా. సరిచేస్తాం" అంది.

"నేను అప్పుడే అన్నాను" అన్నాడాయన, వెనక్కి వాలుతూ. ఋత్విక్ అక్క వైపు ఒకసారి చూశాడు.

తరవాతి నెలల్లో ద్యుతి రోజుకొక వంట అమ్మ ముందు పెట్టి చూసింది. కాకినాడ కాజా, మామిడి తాండ్ర, ఉలవచారు, నువ్వుల చిమ్మిలి, మినప సున్ని. చెంచా చెంచాకూ ఆమె మొహంలోకి చూస్తూ కూర్చునేది. ఏది పెట్టినా హారిక సగం తుంచి ఎదుటివాళ్ళకు ఇచ్చేది. ఎవరూ తీసుకోకపోతే తినడం ఆపేసి ఎదురుచూసేది. అలా రెప్పవాల్చకుండా చూస్తుంటే ఆమెకు ఇబ్బందిగా ఉందని ద్యుతికి ఆలస్యంగా అర్థమైంది. ఒకరోజు హారిక లేచి వచ్చి, కూతురి గడ్డం పట్టుకుని మొహాన్ని పక్కకు తిప్పింది. కోపంగా కాదు. చూడకు అన్నట్టు.

"బృందం తరఫున అన్ని బల్లలకూ ఆ సవరణ తీసేద్దామా?" అని నసీమా అడిగింది ఒకసారి. "ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం."

"మీ అమ్మ పళ్ళెం చూశాక నువ్వేం చేశావు?" అంది ద్యుతి.

"ఏం చేస్తాను. ఏడ్చాను. ఆ వారం ముక్కలన్నీ ఆవిడకే వేశాను. ఆవిడ మా పిల్లలకు వేసింది. తరవాత మామూలే."

సవరణ అలాగే ఉండిపోయింది.

ఏడాది తిరిగి హారిక పుట్టినరోజు మళ్ళీ వచ్చింది. పంక్తికి వెళ్దామని ప్రణీతే అన్నాడు. "లోపం సరిచేశామన్నావు కదా. పోయిన సంవత్సరం పాపం ఆవిడ సరిగ్గా తినలేదు."

ద్యుతి వద్దనలేకపోయింది. ఈసారి ఆ బల్లకు సవరణ తీయలేదు. పట్టీలు పెట్టుకున్నారు, తీశారు. హారిక పళ్ళెం అందరికంటే ముందే వచ్చింది. ఆవపెట్టిన పనసపొట్టు కూర, నెయ్యి తేలే ముద్దపప్పు, జీడిపప్పు వేసిన చక్కెర పొంగలి, గులాబీ రేకులు చల్లిన బాదం పాలు. వాసనకే పక్క బల్లవాళ్ళు ఇటు తిరిగారు.

యంత్రం సాక్షుల సంగతేమీ చెప్పలేదు. సవరణ ఉన్నప్పుడు చెప్పదు. "హారిక గారికి జన్మదిన శుభాకాంక్షలు" అని మాత్రం అంది.

ప్రణీత్ మొహం విప్పారింది. "ఇదిగో. ఇదీ హారిక అంటే. పనసపొట్టు అంటే ఆవిడకి ఎంత ఇష్టమో మీకు తెలీదు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ ఊళ్ళో తినేది, ఇంత కూర ఒక్కతే తినేది. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది."

ద్యుతి ఆయన వంక చూసింది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఆయనకు గుర్తొస్తోంది. ఆ జ్ఞాపకం ఆయనలో ఎప్పుడూ లేదని, ఉంటే పోయిన ఏడాది పళ్ళెంలోకి వచ్చి ఉండేదని, ఇది ఇప్పుడే, ఈ కుర్చీలో, ఈ వాసనకు పుట్టిందని ఆమెకు తెలుసు. వచ్చే ఏడాది పట్టీ పెట్టుకుంటే యంత్రం కూడా దాన్ని నిజమని నమ్మి పనసపొట్టే వండుతుంది. అప్పుడు సవరణ అవసరం కూడా ఉండదు.

"కదూ హారికా?" అన్నాడు ప్రణీత్.

హారిక ఆయన్ని చూసి నవ్వింది. కూరలో మెత్తటి భాగం వేరుచేసి ఆయన పళ్ళెంలో వేసింది. ఆయన సంతోషంగా తిన్నాడు. ఋత్విక్ తల వంచుకుని తన పళ్ళెంలో ఏదో కలుపుతున్నాడు, చాలాసేపు కలిపాడు.

ద్యుతి నోరు తెరిచింది. నాన్న మొహంలోని వెలుగు చూసి, మంచినీళ్ళు తాగింది.

బీచ్ రోడ్డు హోటల్లో హారిక అడిగింది ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఆ పళ్ళెంలోని కూర ఎవరో తెలియని ఆడవాళ్ళ ఇష్టమని ద్యుతి వాళ్ళ నాన్నకు ఇంకా చెప్పలేదు.